పప్పు ఏ పూటకు చెందుతుంది? (పోషకాలను పూటకొకటి చొప్పున విడదీసి తినే పద్ధతిపై సందేహం)

వైట్‌ఫీల్డ్_వాసి
నా వయసు 41 సంవత్సరాలు, బరువు 84 కిలోలు. మూడు నెలల సగటు చక్కెర చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1 వచ్చింది, అంటే చక్కెర వ్యాధి హద్దు మీద ఉన్నాను. మా అపార్టుమెంటు జిమ్ములో శిక్షణ ఇచ్చే కుర్రవాడు నా పరిస్థితి విని ఒక కాగితం రాసి ఇచ్చాడు. దాని ప్రకారం ఉదయం పిండిపదార్థాలు మాత్రమే, మధ్యాహ్నం మాంసకృత్తులు మాత్రమే, సాయంత్రం కొవ్వు ఉన్న గింజలు, రాత్రి కూరగాయలు తినాలి. ఒక పూట వస్తువును మరొక పూటలో కలపకూడదట. కలిపితే కడుపు దేనిని ముందు అరిగించాలో తెలియక తికమకపడి, మిగిలినదాన్ని కొవ్వుగా దాచేస్తుందట.

ఐదు వారాలుగా పాటిస్తున్నాను, మూడున్నర కిలోలు తగ్గాను. అయితే మధ్యాహ్నం అన్నం లేకుండా కోడిగుడ్లు, పనీరు తిని కూర్చుంటే మూడు గంటలకల్లా తలనొప్పి వస్తున్నది. అంతకంటే పెద్ద చిక్కు ఇంట్లో వచ్చింది. వంట చేసే మా అమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకుని, "అంతా బాగానే ఉంది గానీ నాయనా, మరి పప్పు ఏ పూట వండాలి?" అని అడిగింది. శిక్షకుణ్ణి అడిగితే మాంసకృత్తు అన్నాడు, మరుసటి రోజు పిండిపదార్థం అన్నాడు. ఈ పద్ధతి వెనుక నిజంగా శాస్త్రం ఉన్నదా? పాటించినవారు ఎవరైనా ఉంటే చెప్పగలరు.

మినపసున్ని
నా పేరులోనే పప్పు, బెల్లం, నెయ్యి మూడూ కలిసి ఉన్నాయి. నేను ఈ చర్చలో ఏ పూట మాట్లాడాలో ముందు తేల్చండి.

కొత్తిమీరకట్ట
మీ అమ్మగారు అడిగిన ప్రశ్న దగ్గరే ఆ కాగితం చిరిగిపోయింది. నూరు గ్రాముల పచ్చి కందిపప్పులో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటే, 55 గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంటుంది. దాన్ని ఏ గిన్నెలో వేసినా మీ శిక్షకుని నియమం తప్పినట్టే. ఉదయం పిండిపదార్థమని మీరు తింటున్న ఇడ్లీలో మినప్పప్పు లేదా? మధ్యాహ్నం మాంసకృత్తు అనుకుంటున్న పనీరులో కొవ్వు తక్కువేమీ కాదు. గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తుకు తోడు పచ్చసొనలో ఐదు గ్రాముల కొవ్వు ఉంటుంది. సాయంత్రం వేరుశనగపప్పు తింటున్నట్లయితే అందులో దాదాపు సగం నూనె, పావు వంతు మాంసకృత్తు. ఈ లెక్కన నిక్కంగా విడదీసి తినాలంటే ఉదయం చక్కెర, మధ్యాహ్నం గుడ్డు తెల్లసొన, సాయంత్రం ఒక గరిటెడు నెయ్యి తాగాలి.

బీటీఎం_బ్రహ్మచారి
నేను ఉండే పీజీ హాస్టల్లో ఈ సమస్య లేదు. ఉదయం చిత్రాన్నం, మధ్యాహ్నం అన్నంతో పాటు బంగాళాదుంప కూర, రాత్రి చపాతీలతో మళ్ళీ అదే బంగాళాదుంప. మూడు పూటలా ఒకే పోషకం ఇస్తారు కనుక కడుపు తికమకపడే అవకాశమే లేదు.

డంబెల్_దాసు
ఆ కుర్రవాణ్ణి పూర్తిగా తప్పుపట్టవద్దు. అతడు ఎక్కడో సగం విని సగం మార్చి చెప్పాడు. కండలు పెంచేవారి మధ్య చాలా కాలంగా ఒక పద్ధతి నడుస్తున్నది. అందులో ప్రతి పూటా మాంసకృత్తు ఉంటుంది. దానితో పాటు పిండిపదార్థం గానీ కొవ్వు గానీ, రెండింటిలో ఏదో ఒకటి మాత్రమే తీసుకుంటారు. పిండిపదార్థం తిన్నప్పుడు ఇన్సులిన్ పెరుగుతుంది కాబట్టి ఆ సమయంలో రక్తంలో కొవ్వు కూడా తిరుగుతూ ఉంటే అది తేలికగా నిల్వలోకి వెళ్తుందని దాని వెనుక ఆలోచన. నేను ఎనిమిది నెలలు అలాగే తిన్నాను. వ్యాయామానికి ముందూ తరువాతా అన్నంతో కోడిమాంసం, మిగిలిన పూటల్లో గుడ్లు, గింజలు. నాకు ఫలితం కనిపించింది. మాంసకృత్తు మొత్తాన్నీ ఒక్క మధ్యాహ్నానికే కుదించడం మాత్రం నేను ఎక్కడా వినలేదు.

లెక్కలమాస్టారు
దాసు గారూ, ఆ ఎనిమిది నెలలూ మీరు అన్నాన్ని త్రాసులో తూచి తిన్నారా, లేక చేతికి వచ్చినంత పెట్టుకున్నారా?

డంబెల్_దాసు
తూచే తిన్నాను. మీరు ఎక్కడికి తీసుకువెళ్తున్నారో అర్థమైంది.

లెక్కలమాస్టారు
అయితే మిగిలిన వారి కోసం చెబుతాను. పిండిపదార్థాన్నీ మాంసకృత్తునూ ఒకే పూట తినరాదనే మాట ఈనాటిది కాదు. అమెరికాలో విలియమ్ హోవర్డ్ హే అనే వైద్యుడు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లోనే దీన్ని బాగా ప్రచారం చేశాడు, ఆయన పేరు మీదే అది హే పథ్యంగా నిలిచింది. అప్పటి నుండి కొన్నేళ్ళకొకసారి కొత్త పేరుతో తిరిగి వస్తూనే ఉంది.

దీన్ని నేరుగా పరీక్షించిన ప్రయోగం స్విట్జర్లాండులో జరిగింది, 2000 సంవత్సరంలో ప్రచురితమైంది. 54 మంది స్థూలకాయులను ఆరు వారాల పాటు ఆసుపత్రిలోనే ఉంచి, అందరికీ రోజుకు 1,100 కిలో క్యాలరీలే ఇచ్చారు. సగం మందికి పోషకాలను విడదీసి పెట్టారు, మిగిలిన సగానికి మామూలుగా కలిపి పెట్టారు. విడదీసి తిన్నవారు సగటున 6.2 కిలోలు, కలిపి తిన్నవారు 7.5 కిలోలు తగ్గారు. గణాంకాల లెక్కలో ఆ రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చారు. కాబట్టి కలిపి తినడమే గొప్పదని కూడా దాని నుండి వాదించలేము. విడదీసినందువల్ల ఒరిగినది ఏమీ లేదని మాత్రం ధైర్యంగా అనవచ్చు. వాసి గారి మూడున్నర కిలోలు కూడా మధ్యాహ్నం అన్నం మానివేయడం వల్లా, రాత్రి కూరగాయలతో సరిపెట్టుకోవడం వల్లా తగ్గిన తిండి లెక్కలోనివే అని నా అభిప్రాయం.

డంబెల్_దాసు
ఆసుపత్రి మంచం మీద 1,100 క్యాలరీలు తినే స్థూలకాయుల ఫలితాన్ని, రోజూ గంటన్నర బరువులు ఎత్తేవారికి ఎలా అన్వయిస్తారు? నాకు అది సమ్మతం కాదు.

లెక్కలమాస్టారు
మీ అభ్యంతరం న్యాయమైనదే. అయితే బరువులు ఎత్తేవారిలో విడదీస్తే లాభమని చూపవలసిన బాధ్యత ఆ మాట అనేవారిది. మరొక సంగతి ఉంది: ఇన్సులిన్‌ను పెంచేది పిండిపదార్థం ఒక్కటే కాదు. మీరు వ్యాయామం తరువాత తాగే, పాల విరుగుడు తేట నుండి తీసే వే ప్రోటీన్ పొడి కూడా దాన్ని బాగానే పెంచుతుంది. ప్రతి పూటా మాంసకృత్తు తింటూ ఇన్సులిన్ లేని పూట కోసం వెతకడం, గొడుగు మడిచి వర్షం ఆగాలని కోరుకోవడం వంటిది.

విరుద్ధాహారం
మాస్టారు గారు విదేశీ ప్రయోగాలు వల్లిస్తున్నారు గానీ, మన ఆయుర్వేదం విరుద్ధాహారాన్ని గురించి వేల ఏళ్ళ క్రితమే హెచ్చరించింది. పిండిపదార్థం అరగడానికి క్షారగుణం కావాలి, మాంసకృత్తు అరగడానికి ఆమ్లం కావాలి. రెండూ ఒకేసారి కడుపులో పడితే ఒకదానినొకటి చెరుపుకుంటాయి, ఆహారం అరగక కుళ్ళిపోతుంది. మనకు భోజనం తరువాత పొట్ట ఉబ్బరం రావడానికి కారణం అదే.

పథ్యపు_పంతులమ్మ
నేను బెంగళూరులోనే ఒక ఆసుపత్రిలో పథ్య నిపుణురాలిగా పనిచేస్తున్నాను. విరుద్ధాహారం గారి వాదన చాలామంది నోట వింటాను కనుక కొంచెం వివరంగా రాస్తాను.

నోటిలోని లాలాజలం పిండిపదార్థాన్ని విడగొట్టడం మొదలుపెడుతుందన్నది నిజం. జీర్ణాశయంలోని ఆమ్లం ఆ పనిని నెమ్మదింపజేస్తుందన్నది కూడా నిజం. అక్కడ పెప్సిన్ అనే ఎంజైము మాంసకృత్తుల మీద పని మొదలుపెడుతుంది. అయితే అసలు జీర్ణక్రియ జరిగేది ఆ తరువాత, చిన్నప్రేగులో. జీర్ణాశయం నుండి ఆహారం కొద్దికొద్దిగా అక్కడికి జారినప్పుడు క్లోమం విడుదల చేసే రసం ముందుగా ఆ ఆమ్లాన్ని విరిచివేస్తుంది. అదే రసంలో పిండిని విడగొట్టే అమైలేజు, మాంసకృత్తును విడగొట్టే ట్రిప్సిన్, కొవ్వును విడగొట్టే లైపేజు మూడూ కలిసే వస్తాయి. పైత్యరసం కొవ్వును చిన్న చిన్న బిందువులుగా చేసి లైపేజుకు సాయపడుతుంది. అంటే మన శరీరం మిశ్రమ భోజనం కోసమే అమర్చబడి ఉంది. ఏ పూట ఏ ఎంజైము పంపాలో అది మన కాగితం చూసి నిర్ణయించుకోదు.

ఇంతకంటే తేలికైన రుజువు కావాలంటే తల్లిపాలను చూడండి. అందులో చక్కెర, కొవ్వు, మాంసకృత్తు మూడూ కలిసే ఉంటాయి, పళ్ళు కూడా రాని పసికందు దాన్ని హాయిగా అరిగించుకుంటుంది.

ఉబ్బరానికి కారణాలు వేరే ఉంటాయి: త్వరత్వరగా మింగడం, పాలలోని చక్కెర కొందరికి పడకపోవడం, శనగలు, రాజ్మా వంటి వాటిలో చిన్నప్రేగు అరిగించలేని చక్కెరలను పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టడం. రాజ్మా రాత్రి నానబెట్టి, ఆ నీరు పారబోసి వండితే చాలామందికి ఉపశమనం ఉంటుంది.

చిక్కపేట_పెద్దాయన
ఆయుర్వేదం పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. విరుద్ధాహారం జాబితాలో పెద్దలు చెప్పినవి పాలు, చేపలు కలపడం వంటి ప్రత్యేకమైన జంటలు. అన్నమూ పప్పూ విరుద్ధమని అక్కడ లేదు. జ్వరం వచ్చి లేచినవారికి పెసరపప్పు, బియ్యం కలిపి జారుగా ఉడికించి పథ్యంగా పెట్టే సంప్రదాయం ఆ వైద్యానిదే కదా? మా తాతగారు హిందూపురం నుండి వచ్చి ఇక్కడ చిక్కపేటలో బట్టల కొట్టు పెట్టిన నాటి నుండి మా ఇంట్లో ఏ జబ్బు చేసినా మొదటి ముద్ద అదే.

విరుద్ధాహారం
పెద్దాయన గారి మాటను కాదనలేను. పెసరపప్పు తేలికైనది కనుక దానికి మినహాయింపు ఉంటుంది అని సవరించుకుంటున్నాను.

మినపసున్ని
పెసరపప్పుకు మినహాయింపు ఇచ్చి మినప్పప్పును శత్రువును చేయడం నాకు అన్యాయంగా తోస్తున్నది.

రాగిసంగటి
నాది స్వంత అనుభవం. నాకు ఆరేళ్ళుగా చక్కెర వ్యాధి ఉంది, వేలికి సూది గుచ్చుకుని చూసుకునే యంత్రం ఇంట్లోనే ఉంది. రాగి మంచిదన్నారు కదా అని కొంతకాలం ఉదయం రాగిజావ ఒక్కటే, ఏమీ కలపకుండా తాగాను. రెండు గంటల తరువాత 188 వచ్చింది. అంతే పిండితో సంగటి చేసి, వేరుశనగ ఊరిబిండి, ఆకుకూర పులుసుతో తిన్న రోజు 154 వచ్చింది. పిండిపదార్థాన్ని ఒంటరిగా పంపించడమే నాకు కీడు చేసింది. మా మదనపల్లె వైపు ఒట్టి సంగటి ఎవరూ తినరు, గొంతు దిగదు.

లెక్కలమాస్టారు
ఒక్క రోజు కొలత మీద నిర్ణయానికి రాకూడదు. ముందు రోజు నిద్ర, ఉదయపు నడక, చివరికి వేలు సరిగా కడుక్కున్నారా లేదా అన్నది కూడా అంకెను మారుస్తుంది.

రాగిసంగటి
ఒక్కొక్కటి నాలుగేసి సార్లు చూశాను మాస్టారూ. అంకెలు అటూ ఇటూ కదిలాయి గానీ జావ రోజులు ఒక్కసారి కూడా సంగటి రోజుల కంటే కిందికి రాలేదు.

పథ్యపు_పంతులమ్మ
మీ కొలతలో ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదు. మాంసకృత్తు, కొవ్వు, పీచు తోడుగా ఉంటే జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుంది, చక్కెర రక్తంలోకి చేరే వేగం తగ్గుతుంది. పైగా పలుచని జావ గట్టి సంగటి కంటే త్వరగా కిందికి దిగుతుంది. ఆ విధంగా చూస్తే, చక్కెర హద్దు మీద ఉన్నవారికి ఉదయం ఒట్టి పిండిపదార్థం పెట్టే ఆ కాగితం సరిగ్గా చేయకూడని పని చేయిస్తున్నది.

వైట్‌ఫీల్డ్_వాసి
ఇంతమంది ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. మాస్టారు గారి లెక్క ప్రకారం నేను తగ్గింది తిండి తగ్గినందువల్లనే అని ఒప్పుకుంటున్నాను. ఇడ్లీలో మినప్పప్పు ఉన్న సంగతిని కొత్తిమీరకట్ట గారు చెప్పేదాకా నేను ఆలోచించకపోవడం సిగ్గుగా ఉంది.

మరొక సందేహం. నా బరువు తగ్గడం చూసి మా నాన్నగారు కూడా పది రోజులుగా ఇదే పద్ధతి పట్టుకున్నారు. ఆయనకు 71 ఏళ్ళు, పదిహేనేళ్ళుగా చక్కెర మాత్రలు వేసుకుంటున్నారు. మధ్యాహ్నం రెండు గుడ్లు, కాస్త పనీరు తిని పడుకుంటున్నారు. నాలుగు గంటలకు లేచేసరికి చేతులు వణుకుతున్నాయని, చెమట పడుతున్నదని అంటున్నారు. ఎండాకాలం నీరసం అనుకున్నాము. ఆయన వయసుకు మాంసకృత్తు ఎక్కువైందా?

పథ్యపు_పంతులమ్మ
దయచేసి ఈ టపా చదివిన వెంటనే ఆయన మాత్రల పేర్లు చూడండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే అంత భయం లేదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటివి ఉంటే విషయం వేరు. అవి మనం అన్నం తిన్నామా లేదా అని చూడకుండా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటాయి. ఉదయం వేసుకున్న మాత్ర మధ్యాహ్నం కూడా పనిచేస్తూ ఉండగా, ఆ పూట పిండిపదార్థం బొత్తిగా లేకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. వణుకు, చెమట, గుండెదడ, చిరాకు దాని గుర్తులు.

మళ్ళీ అలా అనిపిస్తే వెంటనే యంత్రంతో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట తరువాత మళ్ళీ చూడాలి. యంత్రం దగ్గర లేకపోతే ముందు చక్కెర ఇచ్చి తరువాత వెతుక్కోవచ్చు. ఆయన ఈ రోజు నుండే మధ్యాహ్నం మామూలుగా అన్నమో రొట్టెలో తినాలి, మీరు ఆయన వైద్యునికి ఫోను చేసి జరిగినది చెప్పాలి. మాత్రను మీకు మీరుగా మానిపించవద్దు.

కొత్తిమీరకట్ట
వాసి గారూ, రాత్రయినా సరే జవాబు రాయండి. మేము ఎదురుచూస్తాము.

వైట్‌ఫీల్డ్_వాసి
చూశాము. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్రే. పంతులమ్మ గారి టపా చదివేసరికి నాలుగున్నర అయింది, నాన్నగారు మంచం మీదే కూర్చుని చెమటలు తుడుచుకుంటున్నారు. యంత్రంలో 62 వచ్చింది. చక్కెర నీళ్ళు ఇచ్చాము, పావుగంటకు 81కి వచ్చింది, తరువాత రెండు ఇడ్లీలు తిన్నారు. వైద్యునితో మాట్లాడాను. మధ్యాహ్నం భోజనం మామూలుగా తినమని, వారం రోజుల కొలతలు రాసుకుని తీసుకురమ్మని చెప్పారు. ఇన్ని రోజులు ఎండ మీద తోసేసి ఊరుకున్నందుకు నాకు చేతులు చల్లబడుతున్నాయి. అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

చిక్కపేట_పెద్దాయన
నాయనా, నాకూ మీ నాన్నగారి వయసే. ఈ వయసులో కొడుకు ఏదైనా మొదలుపెడితే పోటీ పడాలనిపిస్తుంది. ఆయన్ను కూడా గట్టిగా ఏమీ అనవద్దు.

డంబెల్_దాసు
మాత్రలు వేసుకునే వారికి ఇలా జరుగుతుందని నాకు నిజంగా తెలియదు. మా జిమ్ముకు వచ్చే అంకుల్ ఒకరికి నేనే అన్నం మానమని సలహా ఇచ్చాను. రేపు ఉదయమే ఆయన్ను కలిసి మాత్ర పేరు అడుగుతాను.

బీటీఎం_బ్రహ్మచారి
ఇందాక హాస్యమాడాను గానీ నా ప్రశ్న గంభీరమైనదే. పీజీ తిండి మార్చలేని మాలాంటి వారు ఏమి చేయాలి? విడదీయడం వృథా అన్నారు, కలిపి తినాలన్నారు. కలపడానికి మా పళ్ళెంలో రెండవ పదార్థమే లేదు.

పథ్యపు_పంతులమ్మ
హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మన శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించకూడదు. చాలామంది భారతీయులు అంతకంటే చాలా ఎక్కువ ధాన్యాల నుండే పొందుతున్నారు. పీజీలో ఉన్నవారు రాత్రి ఒక గుప్పెడు పెసలో శనగలో నానబెట్టుకోవచ్చు, రెండు గుడ్లు ఉడికించుకోవచ్చు, పెరుగు కొనుక్కోవచ్చు. ఉదయం చిత్రాన్నం సగం తగ్గించి ఆ స్థానంలో ఇవి పెట్టండి.

కొత్తిమీరకట్ట
అన్నమూ పప్పూ ఒకే పూట తింటేనే మాంసకృత్తు సంపూర్ణమవుతుందని, మాంసకృత్తులోని అమైనో ఆమ్లాల్లో ఒకటైన, బియ్యంలో తక్కువైన లైసీన్‌ను పప్పు పూరిస్తుందని చదివాను. ఆ కారణంగా కూడా విడదీయడం తప్పే కదా?

పథ్యపు_పంతులమ్మ
సగం ఒప్పు. బియ్యంలో లైసీన్ తక్కువ, పప్పులో మెథియొనీన్ వంటివి తక్కువ, రెండూ ఒకదాని లోటు మరొకటి తీరుస్తాయి. ఒకే ముద్దలో కలవవలసిన అవసరం మాత్రం లేదు, ఆ రోజు మొత్తంలో రెండూ అందితే చాలు. వాసి గారి పద్ధతికి ఈ విషయంలో నేను దోషం పెట్టను. మాంసకృత్తు అంతా ఒకే పూటకు కుప్పపోయడం మీద నాకు అభ్యంతరం ఉంది, ముఖ్యంగా వయసు మళ్ళినవారి విషయంలో. 2014లో ప్రచురితమైన ఒక చిన్న ప్రయోగంలో, రోజుకు అంతే మాంసకృత్తును మూడు పూటలకూ సమంగా పంచినప్పుడు, ఎక్కువ భాగం రాత్రికి ఉంచినప్పటి కంటే కండరాల నిర్మాణం 25 శాతం ఎక్కువగా కనిపించింది. పాల్గొన్నవారు ఎనిమిది మందే కనుక మాస్టారు గారు నన్ను మందలించక ముందే ఆ సంగతి నేనే చెబుతున్నాను.

లెక్కలమాస్టారు
మందలించను. అయితే విడదీయడంలో పనికివచ్చే ముక్క ఒకటి ఉందని, దాన్ని ఎవరూ ప్రస్తావించలేదని గుర్తుచేస్తాను. పూటలను విడదీయడం కాదు, ఒకే పూటలో వరుస మార్చడం. 2015లో న్యూయార్కులో టైప్ 2 మధుమేహం ఉండి మెట్‌ఫార్మిన్ వాడుతున్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు వరుసల్లో పెట్టి చూశారు. ఒక రోజు రొట్టె, నారింజ రసం ముందు ఇచ్చి పావుగంట తరువాత కోడిమాంసం, కూరగాయలు ఇచ్చారు. వారం తరువాత అవే పదార్థాలను తారుమారు చేశారు. కూరగాయలు, మాంసం ముందు తిన్న రోజు గంట తరువాతి చక్కెర దాదాపు 37 శాతం తక్కువగా ఉంది. పదకొండు మంది చాలా తక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఖర్చు లేని పని, ఎవరింట్లో వారు యంత్రంతో పరీక్షించుకోవచ్చు.

రాగిసంగటి
మన కన్నడ ఇరుగుపొరుగు అరటాకు మీద మొదట వడ్డించేది కోసంబరి, పల్యం అనే పొడికూర. కోసంబరి అంటే నానబెట్టిన పెసరపప్పు, దోసకాయ తురుము, కొబ్బరి. అన్నం ఆ తరువాత వస్తుంది. శ్రీరామనవమికి మనం వడపప్పు, పానకం పంచినట్లే వారు కోసంబరి, పానకం పంచుతారు. మనం దాన్ని పండుగకు వదిలేశాము, వారు ప్రతి పెళ్ళి భోజనంలో ఉంచుకున్నారు.

బీటీఎం_బ్రహ్మచారి
మాస్టారు గారి సలహాలో ఒక ఆచరణ సమస్య ఉంది. కూరంతా ముందే తినేస్తే అన్నంలో ఏమి కలుపుకోవాలి?

చిక్కపేట_పెద్దాయన
ఇది మన వారికి మాత్రమే వచ్చే సందేహం, చాలా సరైన సందేహం. తెలుగువాడికి కూర అంటే అన్నంలో కలుపుకునే వస్తువు. పప్పు, నెయ్యితో మొదలుపెట్టి పెరుగుతో ముగించే వరుసలో ప్రతి అంకంలోనూ అన్నం ఉంటుంది. అన్నం లేని ముద్ద మనకు భోజనంలోకి రాదు.

కొత్తిమీరకట్ట
నేను చేసేది ఇది. వేపుడు, పులుసు, పచ్చడి అన్నంలోకి ఉంచేస్తాను. కారం తక్కువ వేసి, కొబ్బరి చల్లిన బీన్సు, క్యారెట్టు, చిక్కుడు వంటి పొడికూర ఒకటి వేరుగా చేసి, వంట అవుతుండగానే గిన్నెలో వేసి అందరికీ ఇచ్చేస్తాను. ఆకలి మీద ఉంటారు కనుక ఎవరూ పేచీ పెట్టరు. చలికాలంలో కన్నడిగులు అవరేకాళ్ళు అనే మన అనపగింజలు వచ్చినప్పుడు వాటిని ఉడికించి ఇస్తాను. పావుగంట తరువాత కంచం పెడితే అన్నం అడిగే పరిమాణం దానంతట అదే తగ్గుతుంది. ఆ పొడికూరలో ఒక చెంచా నూనె తప్పనిసరిగా ఉంటుంది. క్యారెట్టు, ఆకుకూరల్లో ఉండి ఒంట్లో ‘విటమిన్ ఎ’గా మారే పదార్థం ఒంటబట్టాలంటే కాస్త కొవ్వు తోడు కావాలి. రాత్రి ఒట్టి కూరగాయలు ఉడికించుకుని తింటున్న వాసి గారు ఈ ముక్క గమనించాలి.

విరుద్ధాహారం
అంటే ఏ రెండు వస్తువులను కూడా వేరుగా తినవలసిన పని లేదని అందరూ తీర్మానించినట్లేనా?

పథ్యపు_పంతులమ్మ
ఉన్నాయి, అవి మనం పాటించనివి. భోజనంతో పాటే కాఫీ, టీ తాగితే ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుము సరిగా అందదు. కనీసం గంట ఎడం ఉండాలి. ఇనుము మాత్ర, క్యాల్షియం మాత్ర ఒకేసారి వేసుకోకూడదు. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని అరగంట నుండి గంట వరకు కాఫీ, టిఫిను జోలికి వెళ్ళకూడదు. నా దగ్గరకు వచ్చేవారిలో పిండినీ మాంసకృత్తునూ విడదీయాలా అని అడిగేవారు చాలామంది, థైరాయిడ్ మాత్రను ఫిల్టర్ కాఫీతో మింగేవారు అంతకంటే ఎక్కువమంది.

చిక్కపేట_పెద్దాయన
నా శ్రీమతి ఈ టపాను నా భుజం మీదుగా చదివి లోపలికి వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఆమె చేస్తున్నది అదే.

వైట్‌ఫీల్డ్_వాసి
మూడు వారాల తరువాత రాస్తున్నాను. నాన్నగారి మాత్ర మోతాదును వైద్యుడు తగ్గించారు, వణుకు మళ్ళీ రాలేదు. ఆయన మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, పప్పు, కూర తింటున్నారు. నేను కాగితాన్ని పక్కన పెట్టి, కొత్తిమీరకట్ట గారి పొడికూర పద్ధతిని పట్టుకున్నాను. ఇడ్లీలు ఐదు నుండి మూడుకు తగ్గించి సాంబారు, ఉడికించిన గుడ్డు చేర్చాను. మధ్యాహ్నపు తలనొప్పి పోయింది. బరువు ఈ మూడు వారాల్లో ఒక కిలో తగ్గింది, మునుపటి వేగం లేదు. శిక్షకుడికి ఇదంతా వివరిస్తే ఓపికగా విని, నాకు క్రమశిక్షణ లేదన్నాడు.

డంబెల్_దాసు
మా జిమ్ము అంకుల్ మాత్రలో కూడా గ్లిమిపిరైడ్ ఉంది. ఆయన అదృష్టవశాత్తు నా సలహాను ఒక్క రోజు కూడా పాటించలేదట.

మినపసున్ని
అసలు ప్రశ్న అలాగే మిగిలింది. అమ్మగారు చివరికి పప్పు ఏ పూట వండుతున్నారు?

వైట్‌ఫీల్డ్_వాసి
రెండు పూటలా. ఈ రోజు తోటకూర పప్పులో నిమ్మకాయ పిండి పెట్టింది.